పూల్ లీగ్‌లో చేరాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు నెలల క్రితం ఇదే శీర్షికలో, ఏదో మాట మీద మాట వచ్చి, డాలస్‌లో ప్రతి మంగళవారం రాత్రి పూల్ లీగ్ ఆడతానని ఒక్క వాక్యం రాశాను. పూల్ అంటే క్యూ అనే కర్రతో తెల్ల బంతిని కొట్టి, దానితో మిగతా బంతుల్ని టేబుల్ పాకెట్లలో వేసే ఆట. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అమెరికాలో ఉన్నవాళ్ళే కాదు, గుంటూరు నుంచి, విశాఖ నుంచి కూడా రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. నేను ఆడేది అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ లీగ్, అందరూ ఏపీఏ అంటారు. తొమ్మిదేళ్ళుగా ఆడుతున్నాను, అందులో నాలుగేళ్ళు మా టీమ్‌కి కెప్టెన్‌ని. కింద చెప్పిన నియమాలు ఆ లీగ్‌వి. వేరే లీగులో చేరితే వాళ్ళ నియమాల పుస్తకం అడిగి తీసుకోండి.

ప్రశ్న: అన్నా, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు స్నూకర్ పార్లర్‌లో బాగానే ఆడేవాణ్ణి. ఉద్యోగానికి ఇక్కడికొచ్చి ఏడాదైంది, క్యూ పట్టుకోలేదు. ఆఫీసులో ఒకాయన లీగ్‌లో చేరమంటున్నాడు. ఎలా చేరాలి? అంత మంచి ఆటగాళ్ళ మధ్య మనం పనికొస్తామా? (ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్)

జవాబు: పనికొస్తావు తమ్ముడూ. ఈ లీగ్ పెట్టిందే నీలాంటివాళ్ళ కోసం. 1979లో టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళు దీన్ని మొదలుపెట్టారు. బౌలింగ్‌కి, సాఫ్ట్‌బాల్‌కి మామూలు జనం వారం వారం ఆడుకునే లీగులున్నప్పుడు పూల్‌కి ఎందుకు ఉండకూడదన్నది వాళ్ళ ఆలోచన. ఇప్పుడు అమెరికా, కెనడా, జపాన్ కలిపి రెండు లక్షలకు పైగా సభ్యులున్నారు. వాళ్ళలో ఎక్కువమంది పగలంతా ఏదో ఉద్యోగం చేసుకుని రాత్రి క్యూ పట్టుకునేవాళ్ళే.

చేరడానికి రెండు దారులు. ఏపీఏ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం వెతికితే అక్కడి లీగ్ ఆపరేటర్ ఎవరో తెలుస్తుంది, ఆయనకు రాస్తే ఖాళీ ఉన్న టీమ్‌లోకి పంపిస్తాడు. నన్నడిగితే రెండో దారి మంచిది. వారం మధ్యలో ఒక సాయంత్రం ఏడు గంటలకు దగ్గర్లోని పూల్ హాల్‌కి వెళ్ళు. ఏ టేబుల్ దగ్గర అయిదారుగురు చేరి ఒకరు స్కోరు షీటు రాస్తూ కనిపిస్తారో అక్కడ లీగ్ నడుస్తున్నట్టే. ఒక గంట కూర్చుని చూడు, ఆట అయ్యాక కెప్టెన్ ఎవరో అడిగి పరిచయం చేసుకో. ఏ టీమ్ సరదాగా ఉంటుందో, ఏ టీమ్‌లో ఓడినవాడి మీద అరుస్తారో ఆ గంటలోనే తెలిసిపోతుంది. వెబ్‌సైట్ నీకు ఆ సంగతి చెప్పదు.

టీమ్‌లో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు, ఒక రాత్రికి అయిదుగురు ఆడతారు. అంటే ప్రతి వారం ఆడి తీరాలని లేదు, ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం మానేయొచ్చు. కానీ ఆ సెషన్‌లో టీమ్ తరఫున కనీసం నాలుగు మ్యాచ్‌లు ఆడకపోతే ప్లేఆఫ్స్‌లో ఆడనివ్వరు, అది మాత్రం గుర్తుపెట్టుకో. ఏడాదికి స్ప్రింగ్, సమ్మర్, ఫాల్ అని మూడు సెషన్లు. మొదటి నాలుగు వారాల్లోనే టీమ్‌లో ఆటగాళ్ళను మార్చుకోవడానికి వీలుంటుంది కాబట్టి సెషన్ మొదట్లో అడగడం మేలు. ఖర్చు రెండు రకాలు: ఏడాదికోసారి సభ్యత్వం, ఆ పైన వారం వారం కట్టే ఫీజు. ఆ ఫీజు ఊరిని బట్టి మారుతుంది. చేరేముందు ఒక్క మాట అడుగు, టేబుల్ డబ్బులు అందులోనే కలిసి ఉన్నాయా, విడిగా కట్టాలా అని. చాలామంది అది అడగకుండా చేరి తర్వాత ఇబ్బంది పడతారు.

ప్రశ్న: మా టీమ్ కెప్టెన్ ప్రతి వారం '23, 23' అంటూ వేళ్ళు లెక్కపెడుతుంటాడు. నాకు 3 లెవెల్ ఇచ్చారు. అంటే నన్ను చేతకానివాడి కింద జమ కట్టినట్టేనా? నేను గెలిచినా అవతలివాడికన్నా తక్కువ గేములు గెలిచే గెలిచానంటే అదేం గెలుపు? (ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: చిన్నప్పుడు మనం ఆడుకునేటప్పుడు పక్కింటి చిన్న పిల్లాణ్ణి ఏడుస్తాడని ఆటలో అరటిపండుగా పెట్టుకునేవాళ్ళం. వాడు ఔటైనా ఔట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. మీరు హ్యాండీక్యాప్ (ఆట బలాన్ని బట్టి లెవెల్ ఇచ్చి చేసే ఈ సర్దుబాటు) అంటే అదే అనుకుంటున్నారు. అది పూర్తిగా పొరపాటు అండి. అరటిపండు గెలుపు లెక్కలోకి రాదు. మీ గెలుపు మాత్రం లెవెల్ 7 ఆటగాడి గెలుపుతో సమానంగా టీమ్ ఖాతాలో పడుతుంది.

ఎయిట్ బాల్ అంటే తన వంతు ఏడు బంతులూ వేసి, చివరగా 8 నంబరు బంతి వేసినవాడు గెలిచే ఆట. అందులో లెవెల్స్ 2 నుంచి 7 దాకా ఉంటాయి. కొత్తవాళ్ళను మామూలుగా 3 దగ్గరో 4 దగ్గరో మొదలుపెడతారు, ఆ తర్వాత ఆటను బట్టి పైకో కిందికో కదులుతుంది. ఇద్దరు తలపడినప్పుడు మ్యాచ్ గెలవడానికి ఎవరెన్ని గేములు గెలవాలో పట్టిక చెప్తుంది. 3తో 3 ఆడితే ఇద్దరికీ రెండేసి. 4తో 4 అయితే మూడేసి, 5తో 5 అయితే నాలుగేసి. మీ 3 వెళ్ళి 7తో ఆడితే మీకు రెండు చాలు, ఆయనకు ఆరు కావాలి. ఆరు గేముల్లో ఒక్కటి పోగొట్టుకుంటే ఫరవాలేదు, రెండు పోతే ఆయన పని అయిపోయినట్టే. ఇది వినడానికి మీకు తేలికలా ఉంటుంది కానీ ఆ 7 ఆయన మీరు ఒక్కసారి మిస్ చేస్తే టేబుల్ మొత్తం తుడిచేయగలడు. మీకు కావాల్సిన ఆ రెండు గేములు నిజంగా ఆడి సంపాదించాల్సిందే, ఎవరూ చేతిలో పెట్టరు.

ఇక 23. ఆ రాత్రి ఆడే అయిదుగురి లెవెల్స్ కలిపితే 23 దాటకూడదు. అయిదుగురూ 5లే అయితే 25, కుదరదు. 7, 6, 5, 3, 2 అయితే సరిగ్గా 23. అంటే ఒక 7ని, ఒక 6ని దించాలంటే మిగతా ముగ్గురికి పది మాత్రమే మిగులుతుంది. అయిదుగురు కుదరక నలుగురితోనే ఆడాల్సి వస్తే ఆ నలుగురి మొత్తం 19 దాటకూడదు, అయిదో మ్యాచ్ ఆడకుండానే పోయినట్టు. మీ కెప్టెన్ వేళ్ళు లెక్కపెట్టేది ఇందుకే. బాగా ఆడేవాళ్ళందర్నీ ఒకచోట చేర్చి ఊరి మీద పడదామంటే ఈ నియమం ఒప్పుకోదు. నిలకడగా ఆడే 2, 3 లెవెల్ మనిషి దొరకడం ఏ కెప్టెన్‌కైనా అదృష్టం. నేను కెప్టెన్‌గా ఉన్న నాలుగేళ్ళలో 7 కోసం ఎప్పుడూ వెతుక్కోలేదు, 3 కోసం వెతకని సెషన్ లేదు.

ఇంకో సంగతి కూడా చూడండి. ముందుగా ఎవరు ఆటగాణ్ణి ప్రకటించాలన్నది టాస్ మీద మొదలై, తర్వాత మ్యాచ్‌కి ఒక టీమ్ చొప్పున వంతులు మారుతుంది. అవతలి టీమ్ 7ని పంపిందనుకోండి, మా 7ని ఎదురు పంపాలా, లేక మా 3ని పంపి ఆయన చేత ఆరు గేములు ఆడించి, మా 7ని వాళ్ళ 5 మీదకు దాచుకోవాలా? మంగళవారం రాత్రి నాకు అసలు ఆట మొదలయ్యేది అక్కడ. ఎవర్ని ఎప్పుడు పంపాలో తేల్చుకోవడం కొన్నిసార్లు బంతి కొట్టడం కన్నా కష్టంగా ఉంటుంది. పాయింట్లు ఇలా వస్తాయి: మ్యాచ్ గెలిస్తే 2, అవతలివాడికి ఒక్క గేమూ ఇవ్వకుండా గెలిస్తే 3, ఓడినా చివరి గేము దూరంలో ఉండి ఓడితే 1. ఆ ఒక్క పాయింటు కోసం మీరు పోరాడిన రాత్రి టీమ్ మీకు చప్పట్లు కొడుతుంది, చూడండి.

ప్రశ్న: స్నూకర్ నుంచి వచ్చినవాణ్ణి. బంతులు బాగానే పడుతున్నాయి కానీ ఫౌల్స్ మీద ఫౌల్స్ అవుతున్నాయి. ఏం మార్చుకోవాలి? (ఒక పాఠకుడు, అట్లాంటా)

జవాబు: ముందు టేబుల్ సంగతి. మనం ఆడిన స్నూకర్ టేబుల్ 12 అడుగులు, బంతి 52.5 మిల్లీమీటర్లు. ఇక్కడ బార్లలో 7 అడుగులవి, పూల్ హాళ్ళలో 9 అడుగులవి, బంతి 57 మిల్లీమీటర్ల పైన. క్యూ కొన కూడా లావు. స్నూకర్ ఆడినవాడికి పాకెట్లు పెద్దగా కనిపించి బంతి వేయడం సులువైపోతుంది, కానీ చిన్న టేబుల్ మీద పదిహేను లావు బంతుల మధ్య తెల్ల బంతిని నడపడం సులువు కాదు. మొదటి నెల అందరికీ అదే తిప్పలు.

ఫౌల్ విషయంలో మన అలవాటు బాగా దెబ్బ తీస్తుంది. స్నూకర్‌లో ఫౌల్ అయితే నాలుగు నుంచి ఏడు పాయింట్లు అవతలివాడికి పోతాయి, బాధపడి ముందుకు పోతాం. ఇక్కడ తెల్ల బంతి అవతలివాడి చేతికి వెళ్తుంది, టేబుల్ మీద తనకు నచ్చిన చోట పెట్టుకుంటాడు. క్యారమ్స్‌లో స్ట్రైకర్ పడితే ఒక కాయ ఫైన్ కట్టి ఊరుకున్నట్టు కాదు, కొంచెం ఆడగలిగినవాడికి బంతి చేతికిస్తే గేము ఇచ్చినట్టే. ఎయిట్ బాల్‌లో బ్రేక్ (గేము మొదలుపెట్టే తొలి దెబ్బ) కొట్టినప్పుడు తెల్ల బంతి పడితే మాత్రం బ్రేక్ కొట్టే గీత వెనక నుంచే ఆడాలి.

మన స్నూకర్ వాళ్ళు ఎక్కువగా చేసే ఫౌల్ ఒకటుంది. మన బంతికి తెల్ల బంతి మెత్తగా తగిలించి అక్కడే ఆపేసి సేఫ్టీ (అవతలివాడికి సులువైన షాట్ దొరక్కుండా చేయడం) అనుకుంటాం. ఇక్కడ అది చెల్లదు. తెల్ల బంతి మన బంతికి తగిలాక, ఏ బంతీ పాకెట్లో పడకపోతే, ఏదో ఒక బంతి కుషన్‌కి (టేబుల్ అంచుకి) తగలాల్సిందే, తెల్లదైనా సరే. తగలకపోతే ఫౌల్. నా మొదటి సెషన్‌లో సగం ఫౌల్స్ ఇవే. ఊరట ఏంటంటే, చెయ్యో చొక్కానో తగిలి వేరే బంతి కొంచెం కదిలితే ఫౌల్ కాదు, దాన్ని అవతలి ఆటగాడు మళ్ళీ దాని చోట పెడతాడు. తెల్ల బంతిని ముట్టుకుంటే మాత్రం ఫౌలే.

మిగతావి తొందరగా చెప్తాను. ఏ బంతి ఏ పాకెట్లో వేస్తున్నారో చెప్పక్కర్లేదు, అనుకోకుండా మీ బంతి ఇంకో పాకెట్లో పడ్డా చెల్లుతుంది. బ్రేక్‌లో సాలిడ్స్ (1 నుంచి 7 దాకా, ఒకే రంగు నిండిన బంతులు) మాత్రమే పడితే సాలిడ్స్ మీవి, స్ట్రైప్స్ (9 నుంచి 15 దాకా, చారల బంతులు) మాత్రమే పడితే స్ట్రైప్స్ మీవి, రెండూ పడితే మీ ఇష్టం. బ్రేక్‌లోనే 8 పడితే గేము మీదే, దానితోపాటు తెల్లది కూడా పడితే అవతలివాడిది. అంతర్జాతీయ నియమాల్లో ఇలా ఉండదు, అక్కడ బ్రేక్‌లో 8 పడితే గెలుపు కాదు. అందుకే యూట్యూబ్‌లో ప్రొఫెషనల్ మ్యాచ్ చూసి నియమాలు నేర్చుకోవద్దంటాను.

ఇక 8 బంతి. దీని దగ్గర మాత్రం పాకెట్ చెప్పాలి, నోటితో కాదు, ఆ పాకెట్ దగ్గర ఏదో ఒక గుర్తు పెట్టాలి, మామూలుగా గ్లాసు కింద పెట్టే అట్టముక్క. మర్చిపోయి 8 వేస్తే, అవతలివాడు ఆ మాట ఎత్తితే, గేము పోయినట్టే. నాకిది జరిగింది. మొదటి సెషన్ అయిదో వారం, ఆఖరి మ్యాచ్, ఇద్దరికీ ఒక్కో గేమే కావాలి, నా బంతులన్నీ అయిపోయాయి, 8 పాకెట్ ముందే నిలబడి ఉంది. వంగి కొట్టేశాను, పడింది. తల ఎత్తి చూస్తే మా టీమ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టట్లేదు. అట్టముక్క నా జేబులోనే ఉంది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళేదాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను, అంత బాధేసింది. అవతలి ఆయన తప్పు ఏమీ లేదు, నియమం ప్రకారం అడిగాడు. అప్పటి నుంచి నా ఆఖరి బంతి పడగానే, 8 ఎక్కడుందో చూడకముందే, అట్టముక్క చేతిలోకి తీసుకుంటాను. మీరూ ఆ అలవాటు చేసుకోండి. ఇంకా ఇలా కూడా 8 దగ్గర గేము పోతుంది: మీ బంతులు మిగిలి ఉండగానే 8 పడటం, గుర్తు పెట్టిన పాకెట్లో కాక వేరేదాంట్లో పడటం, 8తోపాటు తెల్లది కూడా పడటం.

ప్రశ్న: షీటు మీద ఇన్నింగ్స్ అని గీతలు పెడుతుంటారు, అవెందుకు? మా టీమ్‌లో ఒకతను, గేము ఎలాగూ గెలుస్తున్నప్పుడు రెండు మూడు షాట్లు కావాలని మిస్ చెయ్యి, లెవెల్ పెరగకుండా ఉంటుంది అని సలహా ఇచ్చాడు. అందరూ చేస్తారట. (పేరు వద్దన్న పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: మీరు పేరు వద్దన్నారు కాబట్టి సూటిగానే చెప్తాను. అది తొండి. అందరూ చెయ్యరు. నేను చెయ్యలేదు, నా టీమ్‌లో చెయ్యనివ్వలేదు.

ఎందుకింత గట్టిగా అంటున్నానో అర్థం కావాలంటే ఇన్నింగ్ ఏంటో తెలియాలి. ఆట మొదట్లో ఇద్దరూ ఒకేసారి అవతలి కుషన్‌కి బంతి కొట్టి వెనక్కి రప్పిస్తారు, ఎవరిది ఇవతలి కుషన్‌కి దగ్గరగా ఆగితే వాళ్ళకి మొదటి బ్రేక్. దీన్ని లాగ్ అంటారు. లాగ్ గెలిచినవాడు ఆడి మిస్ చేసి, తర్వాత ఓడినవాడు కూడా ఆడి మిస్ చేస్తే ఒక ఇన్నింగ్ అయినట్టు, షీటు మీద ఒక గీత. మీరు గేము గెలవడానికి ఎన్ని ఇన్నింగ్స్ పట్టాయన్నదే మీ లెవెల్‌కి ఆధారం. తక్కువ ఇన్నింగ్స్‌లో గెలిచేవాడి లెవెల్ పెరుగుతుంది, ఎక్కువ పట్టేవాడిది తక్కువగా ఉంటుంది. బంతి వేసే ఉద్దేశమే లేకుండా అవతలివాణ్ణి ఇరికించడానికి కొట్టిన షాట్‌ని డిఫెన్సివ్ షాట్‌గా విడిగా రాస్తారు. ఎందుకంటే తెలివైన ఆటగాడు సేఫ్టీలు ఆడితే ఇన్నింగ్స్ పెరిగి అతను బలహీనుడిలా కనిపిస్తాడు, ఆ లెక్క సరిచెయ్యడానికి. రెండు టీములూ షీటు రాస్తాయి, గేము గేముకీ ఒకరిదొకరు సరిచూసుకోవాలి.

ఇప్పుడు కావాలని మిస్ చేసేవాడు ఏం చేస్తున్నాడు? తన అసలు ఆట 6 అయితే షీటు మీద 4గా చూపిస్తున్నాడు. ఎదుట నిజమైన 4 నిలబడితే ఇద్దరికీ మూడేసి గేములే అని పట్టిక చెప్తుంది, నిజానికి 6కి అయిదు కావాలి, 4కి మూడు. మోసపోయింది ఎవరు? పగలంతా పనిచేసి, బేబీసిట్టర్‌ని పెట్టుకుని, ఫీజు కట్టి ఆడటానికి వచ్చిన ఆ 4. పైన ఫ్రిస్కో పాఠకుడు అడిగిన గౌరవం అంతా ఈ గీతల మీదే నిలబడి ఉంది. లీగ్ కూడా దీన్ని చిన్న తప్పుగా చూడదు, పట్టుబడితే లెవెల్ ఒక్కసారిగా పెంచేస్తారు, శిక్షలూ ఉంటాయి.

మీకు సలహా ఇచ్చినతనితో గొడవ అక్కర్లేదు. 'నేను అలా ఆడలేనన్నా' అని ఒక్క మాట చెప్పండి. అవతలివాళ్ళు కావాలని మిస్ చేశారని మీకు అనిపిస్తే గొంతు పెంచకుండా మీ షీటు మీద డిఫెన్సివ్ షాట్ అని రాయండి. అందుకోసమే రెండు టీముల చేతా షీట్లు రాయిస్తారు.

ప్రశ్న: మా ఆయన ఆడే టీమ్‌లో నన్ను కూడా చేరమంటున్నారు. ఇంట్లో క్యారమ్స్ తప్ప ఏదీ ఆడలేదు. అందరూ చూస్తుంటే చేతులు వణుకుతాయేమో, నా వల్ల టీమ్ ఓడితే ఎలా అని టెన్షన్. పైగా ఆడేది బార్‌లో. (ఒక పాఠకురాలు, ప్లానో, టెక్సస్)

జవాబు: చేరండమ్మా. క్యారమ్స్ ఆడినవాళ్ళకు కోణాలు కంటికి తెలుసు, అది చిన్న విషయం కాదు. మా టీమ్‌లో ఒక తెలుగు అమ్మాయి 2 లెవెల్‌తో మొదలుపెట్టి ఏడాదిన్నరలో 4 అయింది, ఆవిడ చేతులు కూడా మొదటి నెలంతా వణికాయి.

మీకు తోడుగా ఒక నియమం ఉంది. లెవెల్ 3, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళకు ప్రతి గేములో రెండు టైమ్‌అవుట్లు, పైవాళ్ళకు ఒక్కటే. టైమ్‌అవుట్ తీసుకుంటే టీమ్‌లో ఒకరు టేబుల్ దగ్గరకు వచ్చి ఒక నిమిషం సేపు ఏ బంతి, ఎక్కడ, ఎంత బలం అన్నది చెప్పొచ్చు. దాన్ని వాడుకోవడానికి చాలామంది మొహమాటపడతారు, మిగుల్చుకుంటారు. మిగుల్చుకుంటే వచ్చే గేముకి కలవవు, గేముతోపాటే పోతాయి. కాబట్టి వాడేయండి. ఒక్క జాగ్రత్త, మీ ఆయన కుర్చీలోంచి 'అది కాదు, ఇటు కొట్టు' అని అరిచినా అది ఒక టైమ్‌అవుట్ కింద లెక్క. అలా అరవొద్దని బయల్దేరే ముందే చెప్పండి.

బార్ గురించి: 7 అడుగుల టేబుళ్ళు ఉన్న చోట్లు ఎక్కువగా బార్లే, వాటిలో చాలాచోట్ల 21 ఏళ్ళు నిండినవాళ్ళనే రానిస్తారు. తాగాలని ఎవరూ బలవంతం చెయ్యరు, నేను తొమ్మిదేళ్ళుగా నిమ్మకాయ నీళ్ళతోనే ఆడుతున్నాను. అయినా ఆ వాతావరణం మనసుకు పట్టకపోతే పూల్ హాల్‌లో జరిగే డివిజన్ (తమలో తాము ఆడుకునే టీముల గుంపు) కావాలని లీగ్ ఆపరేటర్‌ని అడగండి. ఆడవాళ్ళకు విడిగా డివిజన్లు నడిపే ఊళ్ళూ ఉన్నాయి. మొదట ఒక వారం ఆడకుండా ఊరికే వెళ్ళి కూర్చోండి, అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి షార్లట్‌లో ఉంటాడు. ప్రతి గురువారం రాత్రి ఫోన్ చేస్తే పూల్ ఆడుతున్నానంటాడు. అది డబ్బులు పెట్టి ఆడే ఆట అని ఇక్కడ అంటున్నారు. జూదమేనా? (ఒక అమ్మ, గుంటూరు)

జవాబు: లీగ్ ఆట జూదం కాదమ్మా. వాళ్ళు కట్టేది క్రికెట్ టోర్నమెంటుకి ఎంట్రీ ఫీజు కట్టినట్టు ఒక ఫీజు, ఆ డబ్బులోంచే పైస్థాయి టోర్నమెంట్ల బహుమతులు, ఖర్చులు నడుస్తాయి. వారం వారం గెలిచి ముందుకు పోయిన టీములు చివరికి లాస్ వేగాస్‌లో పెద్ద పోటీకి వెళ్తాయి. ఆ ఊరి పేరు విని కంగారు పడకండి, వాళ్ళు వెళ్ళేది టేబుళ్ళు వరసగా వేసిన హాల్లో పూల్ ఆడటానికే. పూల్ హాళ్ళలో పందేలు కాసేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, ఆ మాట దాచను, కానీ అది లీగ్ బయటి వ్యవహారం. మీవాడు గురువారమే ఆడుతున్నాడంటే, అదీ ప్రతి వారం అదే రోజంటే, లీగ్ ఆటే అయ్యుంటుంది. ఈసారి ఫోన్‌లో 'నీ లెవెల్ ఎంతరా, ఈ వారం ఎవరితో పడింది' అని అడిగి చూడండి. అరగంట ఆపకుండా చెప్తాడు. ఒంటరిగా గదిలో కూర్చోకుండా వారానికోసారి నలుగురితో కలుస్తున్నాడు, నాకైతే అందులో సంతోషించాల్సిందే కనిపిస్తోంది.

ప్రశ్న: నైన్ బాల్‌లో పాయింట్ల లెక్క ఒక్క ముక్కలో చెప్తారా? (ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ఇది తొమ్మిది బంతులతోనే ఆడే ఆట. 1 నుంచి 8 దాకా ప్రతి బంతికీ ఒక పాయింటు, 9కి రెండు, మొత్తం గేముకి పది. ప్రతి షాట్‌లో టేబుల్ మీదున్న అతి చిన్న నంబరు బంతినే ముందు తాకాలి. ఇక్కడ లెవెల్స్ 1 నుంచి 9 దాకా. గెలవడానికి లెవెల్ 1కి 14 పాయింట్లు, 2కి 19, 3కి 25, 4కి 31, 5కి 38, అలా పెరిగి 9కి 75. మీ గమ్యం మీది, ఆయన గమ్యం ఆయనది, ఎవరు ముందు చేరితే వాళ్ళది మ్యాచ్. ఫౌల్‌తో పడిన బంతి ఎవరికీ రాదు. 23 నియమం దీనికీ ఉంది. స్నూకర్ వాళ్ళకు వరసగా వేసే అలవాటు ఉంటుంది కాబట్టి నైన్ బాల్ త్వరగా వంటబడుతుందని నా అనుభవం.

ప్రశ్న: విశాఖలో చిన్న పార్లర్ నడుపుతున్నాను, రెండు పూల్ టేబుళ్ళు, ఒక స్నూకర్. మా నాన్నగారు క్లబ్బులో మూడు బంతుల బిలియర్డ్స్ ఆడేవారు, ఇప్పుడు దాన్ని అడిగేవాళ్ళే లేరు. మీరు చెప్పే లీగ్ లాంటిది ఇక్కడ పెట్టుకోవచ్చా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మీ నాన్నగారి ఆట గురించి ముందు రెండు మాటలు, ఎందుకంటే మన దేశానికి ఆ ఆట చాలా ఇచ్చింది. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచారు. గీత్ సేఠీ 1992లో ఒకే వంతులో వరసగా 1276 పాయింట్లు (బిలియర్డ్స్‌లో దీన్నే బ్రేక్ అంటారు) కొట్టారు. ఎర్ర బంతి పాకెట్లో వేస్తే మూడు, మీ బంతి రెండు బంతుల్నీ తాకితే రెండు, ఇలా మూడే మూడు బంతులతో గంటలు గంటలు నడిచే ఆట అది. స్నూకర్ కూడా 1875లో జబల్పూర్‌లో బ్రిటిష్ అధికారుల మెస్‌లో పుట్టిందే. ఇంత చరిత్ర ఉండి కూడా మన దగ్గర ఈ ఆటలు క్లబ్బు సభ్యులకో, టోర్నమెంట్లు ఆడే గట్టివాళ్ళకో పరిమితమయ్యాయి. ఒక్కొక్కరు విడిగా ఆడే నాకౌట్ టోర్నమెంటులో కొత్తవాడు మొదటి రౌండ్‌లోనే పోతాడు, మళ్ళీ రాడు. అదే టీమ్ అయితే వచ్చే వారం కూడా వస్తాడు.

పెట్టుకోవచ్చు, రెండు టేబుళ్ళు చాలు. నలుగురేసి ఉన్న నాలుగు టీములు, వారానికి ఒక రాత్రి, ఎయిట్ బాల్ మాత్రమే. రాత్రికి ముగ్గురు ఆడాలి. రోజూ వచ్చేవాళ్ళ ఆట మీకు తెలుసు కాబట్టి మొదటి లెవెల్స్ మీరే ఇవ్వండి, 2 నుంచి 6 దాకా చాలు, ముగ్గురి మొత్తం 12 దాటకూడదని పెట్టండి. ఎవరెన్ని గేములు గెలవాలన్న పట్టిక పైన చెప్పిన లెక్కలోనే రాసుకోవచ్చు. నాలుగు వారాలకోసారి ఇన్నింగ్స్ చూసి లెవెల్స్ సరిచెయ్యండి, మీ సొంత టీమ్ ఆడుతుంటే ఆ పని మాత్రం వేరేవాళ్ళకు అప్పజెప్పండి. స్నూకర్ టేబుల్ మీద పెట్టాలనుకుంటే లెవెల్ తేడాకి ఇన్ని పాయింట్లని బలహీనుడికి ముందే ఇచ్చి మొదలుపెట్టే పద్ధతి క్లబ్బుల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

నియమాలు ఒకే పేజీలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి, ముఖ్యంగా ఫౌల్స్, 8 దగ్గర గుర్తు పెట్టడం. ప్రతి పార్లర్‌కి ఒక నియమం ఉంటుంది మన దగ్గర, సగం గొడవలు అక్కడే పుడతాయి. షీట్లు రెండు టీములూ రాసి, ఆట అయ్యాక రెండు కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. మొదటి వారం రెండు టీములే వచ్చినా ఆపకండి, ఆ రాత్రి నుంచే షీటు రాయడం మొదలుపెట్టండి. కావాలంటే నేను వాడే షీటు నమూనా ఈ పత్రిక ద్వారా పంపిస్తాను.